హెర్నియా అని చెప్పారు

ఆడబిడ్డ ఇందు ప్రధానానికి మార్కాపురంలో త్రిపురాంతకం బస్సు ఎక్కుతున్నప్పుడే ఎలీషబాకు గుబులు పట్టుకుంది. ఒళ్లో పెట్టుకున్న సంచిలో రెండు ఫ్లాస్కులున్నాయి. ఒకదాంట్లో వడగట్టిన పప్పుకట్టు, ఇంకోదాంట్లో పల్చటి మజ్జిగ. పక్కన కూర్చున్న భర్త నిత్యానందం వదులైపోయిన చొక్కాను కిందికి లాక్కుంటూ, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"ఎవరడిగినా హెర్నియా అనే చెప్పు. మాటిచ్చినావు, మర్చిపోవాకు."

"పెద్దబావ ఒక్కడికన్నా చెప్తే ఏమయితదయ్యా? పంక్తిలో కూర్చోబెట్టి తినమంటే ఏం జేస్తావు?"

"అన్నకు చెప్పితే ఊరికి చెప్పినట్టే. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకున్నాడంట అని నవ్వుతారు. మగపెళ్లోళ్ల ముందు నా పరువు తియ్యొద్దు."

ఎలీషబా సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఆ మాట ఇచ్చినందుకు ఆపరేషన్ అయిన నాటి నుంచీ ఆమె లోలోపల కుములుతూనే ఉంది.

నిత్యానందం పలకల రాయి లోడు లారీ తోలేవాడు. పెళ్లినాటికే బొద్దుగా ఉండేవాడు. పదేళ్లలో పొట్ట స్టీరింగుకు ఒరుసుకునేదాకా వచ్చింది. రాత్రిపూట గురక పక్కింటిదాకా వినిపించేది. ఎలీషబాకు గురకంటే భయం లేదు. గురక మధ్యలో ఊపిరి ఆగిపోయేది, అదీ భయం. భుజం పట్టుకుని గట్టిగా కుదిపితే గాని మళ్లీ ఊపిరి తీసేవాడు కాదు. రాత్రి నిద్ర లేని మనిషికి పగలు కునుకు ఆగుతుందా? నిరుడు వానాకాలంలో గిద్దలూరు దాటి నల్లమల ఘాట్‌లో దిగుతుండగా, పట్టపగలే కన్ను మూతపడింది. ఎదురుగా వస్తున్న బస్సు హారన్‌కు మెలకువ వచ్చేసరికి లారీ ముందు చక్రం రోడ్డు అంచు గోడను రాసుకుంటోంది. ఆ బస్సు కిటికీల్లో చంటిపిల్లలను ఎత్తుకున్న ఆడవాళ్లు కనిపించారు. ఇంటికొచ్చి ఆ సంగతి భార్యకొక్కదానికే చెప్పి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మర్నాడే లారీ తాళాలు యజమానికి ఇచ్చేశాడు.

గుంటూరు డాక్టరు పరీక్షలన్నీ చేసి, నిద్రలో ఊపిరి ఆగడానికీ, షుగరుకూ అన్నిటికీ మూలం ఒళ్లేనన్నాడు. పత్యాలూ నడకలూ చేసినా తగ్గకపోయేసరికి ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు. కడుపులో పెద్ద భాగం కోసి తీసేసి, అరటికాయంత గొట్టం మాత్రం మిగిల్చారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఎలీషబా వైపు తిరిగి మరీ చెప్పాడు. "ఇప్పట్లో నీళ్లలాంటివే పట్టాలమ్మా. మాంసం, గట్టి అన్నం వద్దు. సోడా అసలే వద్దు. కడుపునొప్పితో పాటు ఎడమ భుజం లాగినా, గుండె దడదడలాడినా గ్యాసేలే అని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే రండి."

ప్రధానం బాగానే జరిగింది. పాస్టరుగారు ప్రార్థన చేశాడు, కనిగిరి నుంచి వచ్చిన పెళ్లికొడుకు ఇందు వేలికి ఉంగరం తొడిగాడు. షామియానా కింద భోజనాలు మొదలయ్యాయి. యోసేపు లుంగీ ఎగ్గట్టుకుని తానే వడ్డనకు దిగాడు. నిత్యానందానికి అన్న అతను. నాయన పోయాక మేస్త్రీ పనికి పోయి తమ్ముణ్ణీ చెల్లెల్నీ సాకినవాడు. మనసు పెద్దది, గొంతు అంతకంటే పెద్దది.

"ఏందిరా మూలకు నిలబడినావు? రా, బావగారి పక్కన కూర్చో. చిక్కి సగమైనావు. హెర్నియాకే ఇంత చిక్కుతారా?"

"కడుపు బాగలేదన్నా, మజ్జిగ తాగుతాలే."

పెళ్లికొడుకు మేనమామ నవ్వుతూనే అన్నాడు. "పెళ్లికూతురి అన్న మాతో కలిసి తినడా? మాతో సంబంధం ఇష్టం లేదా ఏంది?"

అందరూ నవ్వారు. యోసేపు అప్పటికే తమ్ముడి ఆకులో బిర్యానీ, ఏటమాంసం కూర వేసేశాడు. నిత్యానందం తలెత్తి ఆడవాళ్ల వైపు చూశాడు. స్వీటు పళ్లెం పట్టుకుని నిలబడ్డ ఎలీషబా వద్దు వద్దని తలూపింది. అతను చూపు తిప్పుకున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఒక ముక్క నమిలాడు. యోసేపు "అదీ!" అంటూ ఇంకో ముక్క వేశాడు. అరిచి ఆపుదామనుకుంది ఎలీషబా. పళ్లెం అంచు గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది. ఇచ్చిన మాట ఒకటి, ఎదురుగా కొత్త చుట్టాలు.

పంక్తి లేవకముందే నిత్యానందం లేచి పెరట్లోకి పోయాడు. ఆమె వెనకే పరుగెత్తింది. నులకమంచం మీద ముడుచుకుని పడున్నాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఛాతీ మీద చెయ్యి వేస్తే లోపల గుండె ఆగకుండా కొట్టుకుంటోంది.

"యాడ నొప్పి?"

"కడుపులో మంట... ఈ భుజం పీకేస్తా ఉంది." ఎడమ భుజం పట్టుకున్నాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని లేపబోయింది. "లెయ్. గుంటూరు పోదాం."

"వాళ్లు బస్సెక్కిందాకా ఆగవే. కాసేపు పండుకుంటే తగ్గిపోతది."

ఇంతలో యోసేపు వచ్చాడు. చేతిలో నురగలు కక్కుతున్న సోడా గ్లాసు. వెనకే అత్తగారు, ఇందు, పెళ్లికొడుకు మేనమామ.

"గ్యాసురా ఇది. చాన్నాళ్లకు కడుపునిండా తింటివి గదా. ఇది తాగు, తేన్పొస్తే సర్దుకుంటది." తమ్ముడి తల కింద చెయ్యి పెట్టి లేపి, గ్లాసు పెదాలకు ఆనించాడు. ఆ నొప్పిలో నిత్యానందం నోరు తెరిచాడు.

ఎలీషబా చేత్తో కొట్టిన దెబ్బకు గ్లాసు ఎగిరిపోయి గోడకు తగిలి పగిలింది. సోడా యోసేపు తెల్లచొక్కా మీద చిందింది.

ముందుగా అత్తగారు తేరుకుంది. "నీకేమన్నా దయ్యం పట్టిందా? పెద్దోడి మీద చెయ్యి లేపుతావా, చుట్టాల ముందర?"

"అది తాగితే సచ్చిపోతాడత్తా!" ఎలీషబా గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "హెర్నియా కాదు. కడుపు కోసి తీసేసినారు. ఒళ్లు తగ్గే ఆపరేషన్ చేయించినాం. మాంసం తినగూడదు, సోడా తాగగూడదు. లోపల కుట్లు ఊడినాయేమో!"

"ఎలీషబా..." మంచం మీద నుంచి నిత్యానందం పళ్లు బిగించి అన్నాడు. "చెప్పొద్దన్నా గదా."

ఆమె వినిపించుకోలేదు. ఆస్పత్రికి ఫోన్ చేసింది. నొప్పి, చెమట, భుజం గురించి చెప్పగానే అవతల డాక్టరు గొంతు మారింది. నోట్లో చుక్క నీళ్లు కూడా పొయ్యొద్దు, ఎంత తొందరగా రాగలిగితే అంత తొందరగా రండి అన్నాడు.

యోసేపు చొక్కా తుడుచుకోలేదు. మారు మాట్లాడకుండా పోయి బొలేరో తీశాడు. మేనమామ ఒక పక్క, యోసేపు ఒక పక్క పట్టుకుని నిత్యానందాన్ని వెనక సీట్లో పడుకోబెట్టారు. తల ఎలీషబా ఒళ్లో ఉంది.

వినుకొండ దాకా స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నిత్యానందం మూలిగేవాడు, యోసేపు భుజాలు బిగుసుకునేవి. ఒకచోట గొర్రెల మంద రోడ్డుకు అడ్డం పడింది. యోసేపు కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తుంటే ఆ గొంతు జీరబోయింది. మంద కదిలాక, వెనక్కి చూడకుండానే అడిగాడు.

"నేను పగోణ్ణా అమ్మా? నాకెందుకు చెప్పలేదు?"

అద్దంలో ఆయన కళ్లు కనబడుతున్నాయి. ఆమె తల వంచుకుంది.

"నీళ్లు," అన్నాడు నిత్యానందం.

"వద్దంట."

"ఒక్క గుక్కే. నోరు పిడచకట్టుకపోతాంది."

ఆమె కొంగు కొస తడిపి పెదాలు తుడిచింది. అతను ఆ తడి కొంగును పళ్లతో పట్టుకుని చప్పరించబోయాడు. ఆమె లాగేసుకుంది. అతని కళ్లలో కోపం లేచింది.

"పరువు తీసినావు. ఇప్పుడు నీళ్లు గూడా పొయ్యవు."

అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఎలీషబాకు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "మాట తీసుకొని నా నోరు కట్టేస్తివి. నేను కట్టుకొని ఉంటి. ఎవడో నవ్వుతాడని నీ నోరు మాత్రం తెరిచినావు. నువ్వు పోతే, హెర్నియాతో పోయినాడని చెప్పుకొని ఏడ్వాల్నా నేను?"

అతను కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి అతని చెయ్యి ఆమె చెయ్యిని వెతుక్కుంది. చల్లగా, జిగటగా ఉంది. ఆమె కోపం పోలేదు, కానీ ఆ చెయ్యి వదల్లేదు.

ఆస్పత్రి గుమ్మంలోనే స్ట్రెచర్ మీదికి మార్చి లోపలికి తీసుకుపోయారు. స్కానింగ్ అవగానే ఆపరేషన్ అన్నారు. థియేటర్ బయట యోసేపు కూర్చోలేకపోయాడు, అటూ ఇటూ తిరిగాడు. ఎలీషబా ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంది. ప్రభువా, ప్రభువా అని మాత్రం అనుకుంటూ కూర్చుంది.

డాక్టరు బయటికొచ్చి, మాస్కు దించుకుని చెప్పాడు. "కుట్ల పైభాగంలో చిల్లి పడింది. తిన్నది బయటికి కారింది. అంతా కడిగి పైపులు పెట్టాం. రెండు మూడు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేను."

"నేను మాంసం పెట్టబట్టేనా సార్?" అన్నాడు యోసేపు.

"చిల్లి ముందే మొదలై ఉండొచ్చు, తిండితో పెద్దదై ఉండొచ్చు. ఇదీ అని నేను చెప్పలేను."

డాక్టరు వెళ్లిపోయాక యోసేపు గోడ వైపు తిరిగి, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఎలీషబా దగ్గరికి పోయి, "మేం చెప్పి ఉంటే నువ్వు పెడుతుంటివా బావా?" అంది. అంతకంటే ఓదార్పు ఆమె దగ్గర లేదు.

జ్వరం తగ్గుతూ మళ్లీ వస్తూ ఐసీయూలో రోజులు గడిచాయి. ఒకసారి బీపీ పడిపోయిందని సంతకం కోసం పిలిచారు. ఎలీషబా రాసిన పేరు వంకర పోయింది. ఊరి నుంచి ఇందు ఫోన్ చేసేది. పెళ్లి ఆగిపోతుందేమోనని ఇంటిల్లిపాదీ భయపడ్డారు గానీ, పెళ్లికొడుకు తల్లి మాత్రం, "మీ అన్న కోలుకొని వచ్చినాకే ముహూర్తం. వదినకు ధైర్యం చెప్పు," అందట. ఆపైన గొంతు తగ్గించి, తన పెద్ద కూతురు కూడా ఒళ్లుతో అవస్థ పడుతోందని, ఆ డాక్టరు పేరేందని అడిగిందట.

చివరికి జ్వరం పూర్తిగా తగ్గింది, నిత్యానందాన్ని వార్డుకు మార్చారు. ముక్కులోంచి సన్నటి గొట్టం, పక్కన పైపులు, బుగ్గలు పీక్కుపోయిన మొహం. మాట్లాడితే ఆయాసం. ఎలీషబా మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది. ఇద్దరూ బొలేరోలో అనుకున్న మాటల జోలికి పోలేదు.

ఒక సాయంత్రం పక్కమంచం పెద్దాయన వక్కపొడి నములుతూ అడిగాడు. "ఏం ఆపరేషన్ తమ్ముడూ నీది?"

ఎలీషబా గ్లాసు తుడుస్తున్న చెయ్యి ఆపింది. భర్త మొహంలోకి చూసింది.

నిత్యానందం పెద్దాయన వైపు తల తిప్పాడు. "ఒళ్లు తగ్గేదానికి కడుపు కోయించుకున్నా పెద్దాయనా," అన్నాడు. ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు. "సిగ్గుపడి ఎవరికీ చెప్పలే. విందులో మాంసం తిన్యా. సావుదాకా పోయినా. ఇదిగో, మా ఆడమనిషి ఈడ్చుకొచ్చింది."

పెద్దాయన నవ్వలేదు. మంచం అంచుకు జరిగి, "కడుపు కోస్తే మరి ఆకలి అవుతదా?" అని ఆసక్తిగా అడిగాడు. నిత్యానందం ఆగి ఆగి జవాబు చెబుతున్నాడు.

ఎలీషబా తుడిచిన గ్లాసునే మళ్లీ కడిగే మిషతో వరండాలోకి వచ్చింది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, లోపలికి నడిచింది.