అల్లం పచ్చడికి వంక

రేపల్లెలో స్టేషన్‌కి వెళ్ళే దారిలో, సైకిళ్ళు బాగుచేసే కొట్టు పక్కన పేరంటాలు అనే ఆవిడ టిఫిన్ బండి ఉంటుంది. ఆమె ఇడ్లీలు, అట్లు, పునుగులు వేస్తుంది. భర్త నాంచారయ్య పొట్లాలు కడతాడు. వాళ్ళది అడవులదీవి. మోకాలు పట్టేసి ఆయన చేపల వేటకు వెళ్ళడం మానుకున్నాక ఇద్దరూ ఇక్కడికి వచ్చి బండి పెట్టుకున్నారు. బండి దగ్గర ఆమె మాటే తప్ప ఆయన మాట వినపడదు.

అనుపమ రోజూ పొద్దున్నే అక్కడ రెండు పొట్లాలు కట్టించుకునేది. ఒకటి తనకు, ఒకటి అమ్మకు. అమ్మ పొట్లంలో కారప్పొడి ఉండకూడదు. అల్లం పచ్చడి మాత్రం ఎక్కువ ఉండాలి. ఆ పొట్లం ఇంట్లో ఇచ్చి, తను తిని, తెనాలి పాసింజరు అందుకునేది. తెనాలిలో కళ్ళజోళ్ళ షాపులో ఆమె ఉద్యోగం. పొన్నూరు దగ్గర పల్లె నుంచి తల్లీకూతుళ్ళిద్దరూ రేపల్లె వచ్చి ఏడాదైంది. అమ్మ మాణిక్యాంబకు కాళ్ళనొప్పులు. గడప దాటేది కాదు. రేపల్లెలో ఆమెను చూసినవాళ్ళు ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు తప్ప ఎవరూ లేరు.

మాణిక్యాంబకు తిండి అంటే ఆశ కాదు, శ్రద్ధ. కొంచెమే తినేది, చాలాసేపు తినేది. పచ్చడి వేలి చివర తీసుకుని నాలుక మీద పెట్టుకుని, కిటికీ వైపు చూస్తూ ఊరుకునేది. ఆ తర్వాత తీర్పు చెప్పేది.

"అల్లం ముందు రావాలే. బెల్లం దాని వెనక నిదానంగా రావాలి. ఇందులో రెండూ ఒకేసారి తోసుకొస్తున్నాయి, బస్సెక్కేవాళ్ళలాగా."

"అయితే రేపట్నుంచి వద్దా?"

"వద్దని ఎవరన్నారు? వంక పెట్టుకుంటూ తినడంలో ఉన్న సుఖం నీకేం తెలుసు!"

మర్నాడు బండి దగ్గర పేరంటాలు అడిగేది. "పాపా, అమ్మ ఏమంది?"

"బాగుందన్నదండి," అనేది అనుపమ. అంతకు మించి మాట్లాడటం ఆమెకు చేతకాదు.

పేరంటాలు మూతి విరిచేది. "బాగుందంట! అందరూ అదే అంటారు. తిని చెయ్యి కడుక్కుని పోతారు. బాగుందంటే నాకేంటి లాభం?"

ధనుర్మాసం ఇంకా రాలేదు, పొలాల్లో కుప్పలు వేస్తున్నారు. ఒక రాత్రి మాణిక్యాంబకు ఆయాసం వచ్చింది. తెనాలి ఆసుపత్రిలో చేర్చారు. మూడో రోజు పోయింది. బాపట్లలో ఉన్న మేనమామ బసవేశ్వరరావు వచ్చి, కార్యక్రమాలన్నీ తన ఇంటి దగ్గరే జరిపించాడు. సూర్యలంక సముద్రంలో అస్థికలు కలిపారు. అన్నీ అయ్యాక అనుపమ ఒక్కతే బస్సెక్కి రేపల్లె వచ్చింది.

తిరిగి ఉద్యోగానికి బయల్దేరిన రోజు బండి దగ్గర చాలామంది ఉన్నారు. ఆమెను దూరం నుంచే చూసి పేరంటాలు కేకేసింది. "ఇన్నాళ్ళూ ఏ ఊరెళ్ళిపోయారే తల్లీకూతుళ్ళు? ఇదిగో, అమ్మ పొట్లంలో కారప్పొడి వెయ్యలా!"

అనుపమ నోరు తెరిచేలోపు నాంచారయ్య రెండు పొట్లాలూ చేతిలో పెట్టాడు. వెనకాల ఎవరో "జరగండమ్మా, రైలుకి టైమైంది" అన్నారు. ఆమె జరిగింది.

ఆ రెండో పొట్లం మధ్యాహ్నం షాపులో, వెనక గదిలో విప్పింది. ఇడ్లీలు చల్లబడి గట్టిపడ్డాయి. పచ్చడి ఆకుకు అంటుకుపోయింది. వేలి చివర కొంచెం తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. గోడకు ఆనించిన కళ్ళజోళ్ళ డబ్బాల వైపు చూస్తూ ఊరుకుంది. ఎన్నో నెలలుగా తింటున్న పచ్చడే. దాన్ని ఇంతసేపు ఎప్పుడూ నోట్లో ఉంచుకోలేదు. అల్లం, బెల్లం కాదు, అసలు గొడవంతా చింతపండుతో అనిపించింది. అది ఇద్దరి మధ్యా దూరి కూర్చుంది.

మర్నాడు పేరంటాలు అడిగింది. "అమ్మ ఏమంది?"

"చింతపండు ఎక్కువైందన్నదండి."

అట్లకాడ గాల్లో ఆగిపోయింది. అనుపమ భయపడింది. పేరంటాలు మొహం మాత్రం వెలిగిపోయింది.

"అదీ! అదీ మాట! ఏవయ్యా, విన్నావా? ఇన్నేళ్ళలో ఒక్క మనిషి చెప్పిందా? ఇంకేమంది?"

అలా మొదలైంది. ఆ రోజు నుంచి అనుపమ మధ్యాహ్నం తిండి మీద మనసు పెట్టి తినసాగింది. ఒకరోజు బెల్లాన్ని తరిగి వేయకుండా కాస్త పాకం పట్టి కలపమన్నదని చెప్పింది. ఇంకోరోజు అల్లాన్ని మాడనివ్వొద్దన్నదని చెప్పింది. పేరంటాలు చెప్పినట్టే చేసేది, మర్నాడు పరీక్ష ఫలితం కోసం చూసినట్టు చూసేది. మెచ్చుకుంటే మురిసిపోయేది. వంక పెడితే, "ముసలావిడకి నోరు కాదు, తక్కెడ!" అని పకపకా నవ్వేది.

అనుపమకు ఆ నవ్వు కావాలి. షాపుకి వచ్చేవాళ్ళు అద్దంలో తమ మొహమే చూసుకుంటారు. రైల్లో ఎవరి ఫోను వాళ్ళది. ఇంటికి వచ్చి తలుపు గడియ వేసుకుంటే మళ్ళీ పొద్దున వరకూ గొంతుతో పని ఉండదు. రోజు మొత్తం మీద ఆమెను ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగే మనిషి పేరంటాలు ఒక్కతే. ఆ అడగడం కూడా అమ్మ గురించే. అమ్మ లేదని చెప్తే ఆ ప్రశ్న ఉండదు. అందుకని చెప్పలేదు. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే మాఘమాసం వచ్చేసింది.

పెళ్ళిళ్ళ రోజులు. ఒక శుక్రవారం పొద్దున పేరంటాలు బండి వదిలి రోడ్డు మీదికి ఎదురొచ్చింది.

"పాపా, బాపట్లలో పెళ్ళంట. ఎల్లుండి కాదు, పై ఆదివారం పొద్దుటి టిఫిన్లు మనకే చెప్పారు! వాళ్ళ బంధువెవరో ఇక్కడ తిని పోయాడంట, ఆ అల్లం పచ్చడి చేసినావిడే కావాలన్నాడంట. ఇది మీ అమ్మ పుణ్యం. సాయంత్రం నేనే గిన్నెతో మీ ఇంటికి వస్తా. ఆవిడ తినేటప్పుడు నేను మొహం చూడాలి. సరేనంటేనే బాపట్ల వెళ్తా."

అనుపమ ఒకడుగు వెనక్కి వేసింది. "అమ్మ ఊళ్ళో లేదండి పిన్నీ."

"ఏ ఊరెళ్ళింది?"

"బాపట్ల. మావయ్యగారింటికి."

ఆ మాట అన్నాక అది పూర్తిగా అబద్ధం కాదని తోచింది. పేరంటాలు చప్పట్లు కొట్టినంత పని చేసింది.

"మరీ మంచిది! పెళ్ళి బాపట్లలోనేగా! పొద్దున్నే వేడివేడిగా ఆవిడ చేతికే ఇస్తా. మావయ్యగారిది ఏ వీధి?"

"కనుక్కుని చెప్తానండి."

"మేనమామ ఇల్లు కనుక్కోవడమేంటే పిచ్చిపిల్లా!"

అనుపమ మర్నాడు బండి వైపు వెళ్ళలేదు. వెనక వీధిలోంచి స్టేషన్‌కి వెళ్ళింది. ఆదివారం ఇంట్లో ఉండిపోయింది. బ్రెడ్డు పాలలో ముంచుకుని తింది. పిండి ముద్ద నోట్లో తిరిగింది, ఉప్పు లేదు, పులుపు లేదు. దీనికి ఏం వంక పెట్టాలో కూడా తెలియలేదు. తెలిసినా ఎవరికి చెప్పాలి? సాయంత్రం వీధిలో చిక్కుడుకాయలు అమ్ముకుంటూ ఒకావిడ వెళ్తుంటే, అవసరం లేకపోయినా పిలిచి, ఈ మధ్య మంచు పడుతోందా అని అడిగింది. తన గొంతు తనకే బొంగురుగా వినిపించింది.

సోమవారం రైలుకి చాలా ముందే బండి దగ్గరకు వెళ్ళింది. గిరాకీ ఇంకా మొదలవలేదు. పేరంటాలు సగం కోసిన ఉల్లిపాయతో పెనం రుద్దుతోంది.

"వచ్చావా? రెండ్రోజులు ఎక్కడికి పోయావు? వీధి పేరు తెలిసిందా?"

"అమ్మ లేదండి పిన్నీ. ధనుర్మాసానికి ముందే పోయింది."

రుద్దుతున్న చెయ్యి ఆగింది. ఉల్లిపాయ పెనం మీద మాడి పొగ లేచింది. నాంచారయ్య వచ్చి దాన్ని తీసి పక్కన పడేశాడు.

"ధనుర్మాసానికి ముందా?" అంది పేరంటాలు. "మరి నేను రోజూ కట్టిన పొట్లం?"

"మధ్యాహ్నం నేను తినేదాన్ని."

"రోజూ అమ్మ ఏమందీ, అమ్మ ఏమందీ అని అడిగా. పోయినావిడ ఏమందో రోజూ చెప్పావు. నేను రోజూ నవ్వా." ఆమె గొంతు పెద్దది కాలేదు, చిన్నదైంది. "మనిషి పోతే పలకరించడానికి రావాలని నాకు తెలవదా? బండి దగ్గర పునుగులు వేసుకునేది, దీనికేం చెప్తాంలే అనుకున్నావా?"

"కాదండి. చెప్తే మీరిక అడగరని..."

ఇద్దరు ఆటోవాళ్ళు వచ్చి ఇడ్లీ అడిగారు. పేరంటాలు అటు తిరిగింది. మళ్ళీ ఇటు తిరగలేదు. అనుపమ పొట్లాలేవీ లేకుండా రైలెక్కింది.

మంగళవారం వెనక వీధిలోంచే వెళ్ళింది. బుధవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఎవరో తలుపు తట్టారు. తీస్తే పేరంటాలు. ఉతికిన చీర కట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా నిలబడి ఉంది. వెనకాల గేటు దగ్గర నాంచారయ్య ఉన్నాడు.

"నిన్న మంగళవారం. రాకూడదు," అంది లోపలికి వస్తూ.

కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడ దగ్గర చాప మీద కూర్చుంది. కాఫీ పెడతానంటే చేత్తోనే వద్దంది. "పలకరింపుకి వచ్చినచోట తాగకూడదు."

గోడ మీద ఫోటో వైపు చాలాసేపు చూసింది. "ఈవిడేనా? ఇంకొంచెం ఒళ్ళుంటదనుకున్నా." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎట్టా పోయిందమ్మా?"

ఆ ప్రశ్న బాపట్లలో అందరూ అడిగారు. అప్పుడు జవాబులన్నీ మావయ్యే చెప్పాడు. ఇప్పుడు గదిలో మావయ్య లేడు. అనుపమ మొదటి నుంచి చెప్పింది. ఆయాసం వచ్చిన రాత్రి, ఆటో దొరకకపోవడం, ఆసుపత్రిలో ఇచ్చిన జావ చూసి అమ్మ, "ఇది వండినవాళ్ళు ఒకసారి నోట్లో పెట్టుకుని చూసుకోవాలి కదే" అనడం. అది చెప్తూ నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది. పేరంటాలు ఊరుకోబెట్టలేదు. ఏడవనిచ్చింది.

తర్వాత అడిగింది. "నా పచ్చడిని ఆవిడ నిజంగా ఏమనేది? ఉన్నదున్నట్టు చెప్పు."

"అల్లం, బెల్లం ఒకేసారి తోసుకొస్తున్నాయనేది. బస్సెక్కేవాళ్ళలాగా."

పేరంటాలు తలూపింది. "నిజమే. అప్పట్లో అట్టాగే ఉండేది. మరి చింతపండు తగ్గించమన్నది?"

"నేనండి."

"పాకం పట్టమన్నది?"

"నేనే."

"అల్లం మాడనివ్వద్దన్నది కూడా?"

అనుపమ తల వంచుకుంది. పేరంటాలు ఆమె వంక, ఫోటో వంక మార్చి మార్చి చూసింది. కొంగు సర్దుకుని లేచింది. చెప్పులేసుకుని గేటు దాకా నడిచింది. వెళ్ళొస్తానని చెప్పలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. నాంచారయ్య కుంటుకుంటూ ఆమె వెంట నడిచాడు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు వస్తానని చెప్పి వెళ్ళకూడదు. అది అనుపమకు తెలుసు. బాపట్లలోనూ అందరూ అలాగే లేచి వెళ్ళిపోయారు. కానీ పేరంటాలు ఆ పద్ధతి కోసమే చెప్పకుండా వెళ్ళిందో, కోపం తీరక వెళ్ళిందో ఎలా తెలుస్తుంది? గేటు పట్టుకుని వీధి మలుపు దాకా చూసింది. అడగడానికి ఎవరూ లేరు. రేపు వెళ్తే తప్ప తెలియదు.

మర్నాడు వెనక వీధి మలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగి, స్టేషన్ రోడ్డు మీదుగానే వెళ్ళింది. బండి చుట్టూ జనం. నాంచారయ్య ఆమెను చూసి అలవాటుగా ఆకులు తీశాడు. ఒక ఆకు తిరిగి లోపల పెట్టాడు. పేరంటాలు తల ఎత్తలేదు.

"ఎన్ని?" అంది.

ఇన్నాళ్ళలో ఆమె ఎప్పుడూ ఆ మాట అడగలేదు.

"ఒకటేనండి," అంది అనుపమ.

"ఒకదానికి పొట్లమెందుకు? ఇక్కడే తిను." పేరంటాలు ప్లేటులో రెండు ఇడ్లీలు వేసి, పక్కన పచ్చడి పెట్టి ముందుకు తోసింది. ఆటోవాళ్ళు జరిగి చోటిచ్చారు. మగవాళ్ళ మధ్య రోడ్డు మీద నిలబడి తినడం అనుపమకు అలవాటు లేదు. ప్లేటు అడుగు వేడి వేళ్ళకు తగులుతోంది. పచ్చడి వేలి చివర తీసుకుంది. నాలుక మీద పెట్టుకుని ఊరుకుంది. అల్లం వచ్చింది. కాసేపటికి, నిదానంగా, బెల్లం వచ్చింది. ఎంతో బాగుంది. అయినా ఇంకేదో ఉంది.

పేరంటాలు పునుగులు తిప్పుతోంది, కానీ వింటోంది.

"ఉప్పు ఒక్క పిసరు ఎక్కువైందండి."

"ఎవరన్నారు?"

అనుపమ ప్లేటులోంచి తల ఎత్తింది. "నేనే అంటున్నాను."

"నీకేం తెలుసే!" అని కసిరింది పేరంటాలు. గరిటెతో కొంచెం పచ్చడి తన అరచేతిలో వేసుకుని నాకింది. ఆగింది. ఇంకోసారి నాకింది. "ఏవయ్యా, ఆ గిన్నె ఇటియ్యి. ఆదివారం దీంతో బాపట్ల వెళ్తే పరువు పోయేది."

రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చిన చప్పుడు వినబడింది. ఆటోవాళ్ళు చేతులు కడుక్కుంటున్నారు. మధ్యాహ్నానికి తినడానికి తన దగ్గర ఏమీ లేదని అనుపమకు గుర్తొచ్చింది. షాపు వెనక గదిలో ఆ పూట ఎలా గడుస్తుందో తెలియదు. ఆమె మాత్రం తొందరపడలేదు. ఇంకో ముక్క తుంచి పచ్చడిలో అద్దుకుంది.