చామంతి నీళ్ళు

బార్బరు చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. పక్క కుర్చీలో పనిచేసే బావమరిది రోజూ పొద్దున్నే ఎండు చామంతి పూలు, సోంపు మరిగించి గ్లాసులో పోసి తెస్తున్నాడు.

“తాగు బావా, నరాలు నెమ్మదిస్తాయి. మా నాయనమ్మ నిద్ర పట్టనివాళ్ళకు ఇదే ఇచ్చేది.”

నిద్ర అన్న మాట బార్బరుకు ముల్లులా గుచ్చుకుంది. తను కునికితే బేరాలన్నీ వీడి కుర్చీకే కదా! బావమరిది అటు తిరగగానే గ్లాసును గడ్డం తడిపే గిన్నెలో వంపేశాడు. రోజూ అదే వరస.

చిత్రంగా జనం అతని కుర్చీకే ఎగబడసాగారు.

“నీ దగ్గర గీయించుకుంటే మంట పుట్టదయ్యా,” అన్నాడు బడిపంతులు చెంప తడుముకుంటూ. బార్బరు చేయి వణికి గాటు పడినా మళ్ళీ అతని కుర్చీకే వచ్చేవాడు.

తన కుర్చీ ఖాళీ కాగానే బావమరిది వచ్చి గిన్నె వాసన చూశాడు.

“ఏం కలుపుతున్నావు బావా? నా బేరాలు లాక్కోవడానికేనా?”

“నువ్విచ్చిన చామంతి నీళ్ళేరా.”

“మరి నువ్వు తాగింది?”

“ఒక్క చుక్కా తాగలేదు.”

బావమరిది మూతి ముడుచుకుని, మర్నాడు తెచ్చిన గ్లాసులో సగం ముందు తనే తాగి చూపించి, మిగతాది అక్కడ పెట్టాడు. వాడి కళ్ళు మూతలు పడతాయేమోనని బార్బరు రెండు గడ్డాలు గీసేదాకా ఓరకంట చూస్తూనే ఉన్నాడు. ఆ తర్వాతే గ్లాసెత్తి తాగాడు.