లెక్కలోకి రాని ఏడు

తెల్లప్యాంటు మడత మీద ఇస్త్రీపెట్టె ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు దర్జీ. గీత తిన్నగా వచ్చింది. డైవింగ్ పోటీలున్న రోజు జడ్జీలంతా తెల్లబట్టలు వేసుకోవాలి. ఇంటి ముందుగదిలోని కొట్టు మూసి అక్కడికి బయల్దేరడమంటే ఆయనకు పెళ్ళికి వెళ్తున్నంత సంబరం.

"ఆ నీళ్ళు చూస్తూ కూర్చుంటే మీకు ఆకలి కూడా గుర్తుండదు. భోజనానికి వచ్చెయ్యండి," అంది భార్య.

"వస్తాగా!"

కుర్రతనంలో ఆయనా దూకినవాడే. ఏనాడూ గెలవలేదు, ఏనాడూ ఆఖరున రాలేదు. మోకాలు మొరాయించాక కొలను గట్టున జడ్జీ కుర్చీ ఎక్కాడు. అక్కడా అంతే. ఒక్కో డైవ్‌కు ఏడుగురు మార్కులు వేస్తారు. పై రెండూ కింది రెండూ కొట్టేసి, మిగిలిన మూడింటినీ కూడి, ఆ విన్యాసం ఎంత కష్టమో చెప్పే అంకెతో హెచ్చవేస్తారు. ఆయన మార్కు ఎప్పుడూ ఆ మిగిలినవాటిలోనే ఉండేది. అందుకే తోటివాళ్ళు 'నడిమాయన' అని పేరు పెట్టారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. తొడుక్కున్నవాడు చొక్కా సంగతే మరిచిపోతే కదా అది సరిగ్గా కుదిరినట్టు!

పొద్దున స్ప్రింగ్‌బోర్డు పోటీ సాఫీగా సాగింది. ఆ బోర్డు వంగి, మనిషిని తనే పైకి విసురుతుంది. తర్వాత ప్లాట్‌ఫారం. అది మేడంత ఎత్తున ఉన్న కాంక్రీటు దిమ్మ. ఏ సాయమూ చెయ్యదు, బలమంతా కాళ్ళలోంచే రావాలి. నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో పైవాళ్ళకు తెలిసేలా కొలను మీద సన్నటి జల్లు పడుతోంది.

చివర్లో పొట్టిజడ పిల్ల ఎక్కింది. పోయిన పోటీలో అంచుదాకా వచ్చి, వణికిపోయి, మెట్ల మీదుగా దిగివచ్చింది ఈ పిల్లే. ఇవాళ మళ్ళీ అదే విన్యాసం ఎంచుకుంది. నీళ్ళవైపు ఎగిరి, తల దిమ్మవైపు వచ్చేలా వెనక్కి పల్టీలు కొట్టాలి. దిమ్మ తగులుతుందేమోనన్నదే భయం.

ఎగిరింది. ఎంత ఎత్తు! మోకాళ్ళు గుండెలకు అతుక్కుపోయాయి, ఎక్కడా వదులు లేదు. గిర్రున తిరిగి ఒళ్ళు విప్పింది. తీరా నీళ్ళు తాకేటప్పుడు కాళ్ళు కాస్త వాలాయి. నీళ్ళు ఫెళ్ళున లేచి గట్టు తడిపేశాయి.

అందరూ ఆ నీళ్ళే చూస్తారని ఆయనకు తెలుసు. మీట మీద వేలు ఒక్క క్షణం ఆగింది. లేవడం, తిరగడం మాత్రం డైవ్ కాదా? ఏడు నొక్కాడు.

మిగతావాళ్ళంతా ఐదూ ఐదున్నరా వేశారు. తెర మీద ఆయన ఏడుకు అడ్డగీత పడింది.

"ఏంటి నడిమాయనా, దారి తప్పారు?" అంది పక్క కుర్చీ ఆవిడ.

"తప్పలేదమ్మా. చూసిందే వేశాను."

పిల్లకు పతకం రాలేదు. ఆయన కుర్చీ దిగుతుంటే తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అంకుల్, ఆ ఏడు మీరేనా?"

"నేనే. కానీ లెక్కలోకి రాలేదు తల్లీ, కొట్టేశారు."

"కొట్టేసినా కనబడుతోందిగా! అమ్మ ఫోటో కూడా తీసింది."

"కాళ్ళు వాల్చేశావు, చూసుకో."

"చూసుకుంటా. మళ్ళీ ఎక్కుతాగా!"

భోజనం దగ్గర చెయ్యి ఎండిపోయేదాకా ఇదే కబురు. "ఇన్నాళ్ళకు నా మార్కు కొట్టేశారే!" అన్నాడు బహుమతి కొట్టినవాడిలా.

"అయితే తీపి చెయ్యమంటారా?" అని నవ్వింది భార్య.

తర్వాత మిషను దగ్గర కాసేపు కూర్చుని, కళ్ళు లాగుతున్నాయంటూ లేచి, కిటికీ పక్క మంచం మీద నడుం వాల్చాడు.

సాయంత్రం ఆమె టీ తెచ్చి పిలిచింది. మళ్ళీ పిలిచింది. భుజం మీద చెయ్యి వేసి, గ్లాసు నేలమీద పెట్టి, ఆయన పక్కనే కూర్చుండిపోయింది. ఆయన ముఖం, కబురింకా మిగిలే ఉన్నవాడిలా ఉంది.

ముందుగదిలో, దించిన సూది కింద, ఒక చెయ్యి మాత్రమే అతికిన పసుపుపచ్చ గౌను, దారం తెంపకుండా అలాగే ఉంది.