ఎడమ దెబ్బ

నేను ఒక ఢోలును. అయితే నాకు తోలు లేదు, ముఖమంతా రబ్బరే. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక పాత సామాన్ల కొట్టులో, తుప్పు పట్టిన కూలర్ల మధ్య బోర్లా పడి ఉన్నాను. నన్ను పారేసినందుకు బాధ లేదు. ఒక మాట చెప్పలేకపోయాననే నా ఏడుపు.

జపాన్‌లో ఒక కార్ఖానాలో, అక్కడి పండగల్లో మోగే పెద్ద ఢోలు పోలికతో నన్ను చేసి, ముందు ఒక తెర బిగించారు. పాట మొదలవగానే తెర మీద గుండ్రాలు పరుగెత్తుకొస్తాయి. ఎర్రది వస్తే నా నడుమ కొట్టాలి, నీలంది వస్తే అంచు మీద కొట్టాలి. వేళకు కొడితే నేను మోగుతాను, గుండ్రం ఎగిరి పేలుతుంది. లేకపోతే ఊరికే జారిపోతుంది. ఏ చేత్తో కొట్టినా ఆటకు ఒకటే.

రెండు దేశాల్లో దెబ్బలు తిని, చివరికి కరీంనగర్‌లోని ఒక మాల్‌లో ఆటల హాలుకు చేరాను. ఆఫీసులో మేనేజరును పల్లెత్తు మాట అనలేనివాళ్లు నా మీద కసి తీర్చుకుని హాయిగా ఐస్‌క్రీమ్ తినడానికి పోయేవాళ్లు. మనుషుల కోపం అంత చవక అని నాకు అక్కడే తెలిసింది.

ఆ హాల్లో కౌంటరు దగ్గర పనిచేసే అమ్మాయి రజిత. ఒకరోజు పొద్దున్నే, జనం రాకముందు, వాళ్ల నాన్న రాజలింగాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన డప్పు కళాకారుడు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. చేతికి పని చెబుతూ ఉంటే తిరిగి వస్తుందని డాక్టరు అన్నాడట. బోనాలకల్లా ఆ చెయ్యి ఆడితేనే డప్పు దళంలో ఆయన చోటు ఆయనకుంటుంది. లేకపోతే దళం పెద్ద ఓదెలు ఇంకొకరిని చూసుకుంటాడు. డప్పుకు కుడిచేతి పుల్ల ఎంతో ఎడమచేతి సన్న పుల్లా అంతే. అది లేకపోతే దరువు కుంటుతుంది.

మొదట్లో ఆయన ఎడమ చెయ్యి నా మీద తడి గుడ్డలా పడేది. రోజూ వచ్చాడు. మెల్లగా గుండ్రాలు పేలసాగాయి. ఒక పాటలో వరసగా పేలితే ఆయన పుల్లలు కింద పెట్టి, ఆ చేతిని ముద్దు పెట్టుకున్నాడు. నాకు అంతకు ముందు ఎవరి మీదా అంత ప్రేమ కలగలేదు.

తర్వాత ఒక పుట్టినరోజు గుంపు ఫొటోల కోసం నా మీదికెక్కి గెంతింది. నాలో ఎడమ పక్క దెబ్బను పసిగట్టే ముక్క విరిగిపోయింది. ఎవరికీ తెలియలేదు. పిల్లలు రెండు చేతులా ఎడాపెడా బాదుతారు, కుడివైపు పడ్డవి చాలు వాళ్లకు. రాజలింగానికి ఒక్కడికే ఆ ఎడమ పక్క కావాలి.

మర్నాడు ఆయన ఎడమ చేత్తో కొట్టాడు. చక్కటి దెబ్బ, వేళకు పడింది. నా రబ్బరుకు తెలుసు. కానీ మోత రాలేదు, గుండ్రం జారిపోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ జారిపోయింది.

డప్పు పలక్కపోతే కళాకారుడు ముందు చేతిని అనుమానించడు, డప్పునే అనుమానిస్తాడు. మంట దగ్గర పట్టి బిగువు తెస్తాడు. ఆయన కూడా నా ముఖం తడిమి చూశాడు.

"మొఖం సల్లవడ్డదేమో బిడ్డా. జర సెగ చూపిద్దామా?"

"ఇది రబ్బరు నాయినా, కాలిపోతది."

అరచేత్తో రుద్ది వేడి పుట్టించాలని చూశాడు. అయ్యో, సరైన చోటనే అనుమానపడ్డావయ్యా, ఆ అనుమానం వదలకు అని నాలో నేను మొత్తుకున్నాను. కొన్నాళ్లు అలాగే పెనుగులాడి, చివరికి చెయ్యి దించేశాడు.

"మిషిని అబద్ధం చెప్పదు గదా. చెయ్యే సచ్చింది."

"మంచిగనే కొడుతున్నవ్ నాయినా," అంది రజిత. ఆయన తెర వైపు చూసి, కూతురి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత రాలేదు.

నన్ను అమ్మేసే రోజు మెకానిక్ వచ్చి లోపల విప్పి చూశాడు. "ఎడమ పక్క ఎప్పుడో పోయింది. ఇగ ఎంత కొట్టినా పడది. ఈ ముక్క ఇక్కడ దొరకది."

రజిత ముఖం పాలిపోయింది. వెంటనే తండ్రికి వీడియో కాల్ చేసింది. "నాయినా, నీ చెయ్యి కాదు. మిషినే ఖరాబైంది."

"ఊకో బిడ్డా. నువ్వెప్పుడూ మంచిగనే చెప్తవ్."

ఆమె ఫోను మెకానిక్ చేతికిచ్చి, పుల్ల ఎడమ చేత్తో పట్టుకుని నా ఎడమ పక్క కొట్టింది. గుండ్రం జారిపోయింది. ఏడుస్తూ కొట్టింది, అన్నీ జారిపోయాయి.

"చూసినవా? మరి నా చెయ్యి గూడ సచ్చిందా?"

"డప్పు ఓదెలుకు ఇచ్చిన బిడ్డా," అన్నాడు రాజలింగం ఫోనులోంచి. "పొద్దుగాలనే బోనాలకు ఎత్తుకపోయిండ్రు."

రజిత నా పక్కన కూలబడింది. ఇక పనైపోయిందనుకుని మెకానిక్ నా ప్లగ్గు పీకాడు. తెర ఆరిపోయింది.

అప్పుడు ఫోనులోంచి చప్పుడు వినిపించింది. స్టీలు కంచం మీద గరిటె, చెంచా. ఒక బరువైన దెబ్బ, దాని వెంట సన్నటిది, మళ్లీ సన్నటిది. ఆ సన్నవి ఎడమ చేతివి. ఒక్కటి కూడా తప్పలేదు. ఆ మాట చెప్పడానికి నాలో కరెంటు లేదు.