నలభై ఒక్క సెకన్లు

ఆఫీసు విందులో కరోకే పెట్టినప్పుడు, మా మేనేజరు సెగావా సార్‌తో జంటగా పాడాల్సి వస్తే పాటని ఆడవాళ్ళే ఎంచుకోవాలి. అది ఆయన పెట్టిన మర్యాద. రిమోట్ చేతికిస్తూ, మీ ఇష్టమే నా ఇష్టం అంటాడు. పాట అయ్యాక ఎవరి ముఖమైనా మాడిపోయి కనిపిస్తే, పాట తనే కదా ఎంచుకుంది అని నవ్వేస్తాడు.

షిమానే తీరంలో ఉంది మా ఫ్యాక్టరీ. చేపముద్దలు ఆవిరి మీద ఉడికించి పెట్టెల్లో పంపిస్తాం. జపాన్ సముద్రం మీంచి గాలి తిరిగిన రోజు ఆ ఆవిరి వాసన ఆఫీసు గదిలోకి కూడా వస్తుంది. నేను అక్కడ మూడేళ్ళుగా ఆర్డర్లు రాసుకుంటున్నాను. కాంట్రాక్టు ఉద్యోగం. మార్చిలో కాగితం మీద ముద్ర పడితే ఇంకో ఏడాది ఉంటాను, లేకపోతే లేదు.

నా పక్క కుర్చీ మసుమి అక్కది. నలభై మూడేళ్ళ మనిషి. ఆమె వచ్చి తొమ్మిదేళ్ళయింది, ఆమెదీ కాంట్రాక్టే. ఐదేళ్ళు వరసగా చేస్తే పర్మనెంట్ చెయ్యాలని చట్టం అడ్డొస్తుందని, నాలుగేళ్ళు నిండగానే ఆమెని ఆరునెలలు ఇంట్లో కూర్చోబెట్టి మళ్ళీ తీసుకున్నారు. భర్తతో విడిపోయి, హైస్కూలు చదివే కూతురితో అన్నగారింటి మేడ మీద ఒక్క గదిలో ఉంటోంది. పర్మనెంట్ ఉద్యోగం ఉంటేనే మా ఊళ్ళో ఇల్లు అద్దెకిస్తారు. వదిన రోజూ మెట్ల మీద చెప్పుల చప్పుడు గురించి ఏదో ఒకటి అంటుందని ఒకసారి చెప్పింది, అదీ నవ్వుతూ.

నా మూడో ఏడాది మార్చిలో, మా ఆఫీసులో పెద్దాయన ఇనాదా తాతగారు రిటైరవుతున్నారు. ఒక పర్మనెంట్ సీటు ఖాళీ అవుతుంది. ఎవరికివ్వాలో సెగావా సార్ రాసి పైకి పంపాలి. ఆ సీటు అక్కకి కావాలి. నాకూ కావాలి. ఆ సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

నేను చేరిన మొదటి ఏడాది, కొత్త సంవత్సరం విందుకి ముందు, బట్టలు మార్చుకునే గదిలో అక్క నాకొక కాగితం ఇచ్చింది. ఐస్‌పెట్టె మీద అంటించే లేబుల్ వెనకవైపు ఏడు జంటపాటల నంబర్లు, ఒక్కొక్క దాని పక్కన సెకన్లు.

"పాట బాగుందా లేదా అని చూడకు," అంది. "చరణానికీ చరణానికీ మధ్య మ్యూజిక్ ఎంతసేపో చూడు. పాడుతున్నంతసేపూ ఆయన మనసు తెర మీద అక్షరాల మీద ఉంటుంది. మ్యూజిక్ వచ్చిందంటే ఆ చేతికి పనుండదు."

అందుకని ఆరు, ఎనిమిది, తొమ్మిది సెకన్ల పాటలు. తెర మీద ఆడగొంతు మాటలు గులాబీ రంగులో, మగగొంతువి నీలంలో వెంటవెంటనే వస్తుంటాయి. ఇద్దరూ కలిసి పాడాల్సిన పచ్చరంగు వాక్యాలు తక్కువ. ఆఖరి నంబరు పక్కన మాత్రం ఇంటూ గుర్తు పెట్టింది. రేవులో విడిపోయే జంట పాట అది. నలభై ఒక్క సెకన్లు. అది ఎప్పుడూ నొక్కకు అంది.

మధ్య మ్యూజిక్‌ని దాటించే బటన్ రిమోట్‌లోనే ఉంది. నాకంటే ముందున్న ఒకమ్మాయి ఒకసారి దాన్ని నొక్కిందట. అందరూ నవ్వారట, సారూ నవ్వాడట. మార్చిలో ఆ అమ్మాయి కాగితం మీద ముద్ర పడలేదు.

తాతగారు రిటైరయ్యే ఏడాది విందు జనవరి రెండో శనివారం. పొద్దున్నే గుడికి వెళ్ళి వ్యాపారం బాగుండాలని అందరం దణ్ణాలు పెట్టి, మధ్యాహ్నానికి హైవే పక్కన పాటల గదులు అద్దెకిచ్చే చోటికి చేరాం. పన్నెండు మందిమి. కాల్చిన కణవ చేప, బీరు, నాకు చల్లటి టీ. లారీ తోలే తొమియామా రెండు పాటలు వరసగా పాడి, నా గొంతుకి చేపలే పడతాయి, ఆడవాళ్ళు పడరు అన్నాడు.

తర్వాత సార్ నన్ను పిలిచాడు. ఆరు సెకన్ల పాట నొక్కాను. ఆయన చెయ్యి నా భుజం దాకా వచ్చేసరికి రెండో చరణం మొదలైంది, మళ్ళీ తెర వైపు తిరగాల్సి వచ్చింది. పాట అయ్యాక మైకు ఆపకుండానే అన్నాడు.

"ఎప్పుడూ హడావుడి పాటలేనా చినాత్సూ? నెమ్మదైన పాట పాడితే కదా మనిషి తెలిసేది. మార్చిలో నేను రాయాల్సింది మనిషి గురించే."

అందరూ నవ్వారు. ఇంకోటి ఎంచు అని రిమోట్ నా ఒళ్ళో పెట్టాడు. ఇంటూ పెట్టిన నంబరు నాకు చూడకుండానే వచ్చు. మొదటి రెండంకెలూ నొక్కాను. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మూడో అంకె దగ్గర నా వేలు ఆగింది.

మసుమి అక్క నా పక్కనే కూచుని ఉంది. రిమోట్ నా ఒళ్ళోంచి తీసుకుంది. మిగిలిన అంకెలు తనే నొక్కి, "చిన్నపిల్ల, దానికి పాత పాటలు రావు సార్. నేను పాడతా," అని లేచింది.

నన్ను తప్పించడానికి లేచిందో, నన్ను దాటిపోవడానికి లేచిందో నాకు తెలియదు. అడగలేదు.

మొదటి చరణం బాగా పాడింది. అక్క గొంతు బాగుంటుందని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు, తొమ్మిదేళ్ళూ గబగబా ముగిసే పాటలే పాడింది కనక. తర్వాత మ్యూజిక్ వచ్చింది. తెర మీద రేవు, లంగరు వేసిన పడవ, వాన. సార్ చెయ్యి ఆమె నడుం మీదికి వచ్చి, అక్కడ ఆగకుండా కిందికి పోయింది. అక్క కదల్లేదు. తెర మీద పడవనే చూస్తూ నిలబడింది. సార్ చెయ్యి జారిపోతోంది, ఎవరైనా తాడు వెయ్యండి అన్నాడు తొమియామా. గది ఘొల్లుమంది. తాళానికి చప్పట్లు కొట్టారు. నా చేతిలో గజ్జెల పళ్ళెం ఉంది, పాటకి తోడుగా ఊపేది. నేనూ ఊపాను.

సీటు అక్కకే అనుకున్నాను. రెండు నెలలూ ఆమె ముఖం చూడకుండా ఆర్డర్లు రాసుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం అక్క అన్నం డబ్బా మూత కింద అద్దె ఇళ్ళ ప్రకటన మడత పెట్టి ఉండటం చూశాను. ఒక ఇంటి చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి ఉంది.

మార్చిలో తాతగారి సీట్లోకి యజమాని భార్య మేనల్లుడు వచ్చాడు. నేను రాశాను, పైవాళ్ళు వినలేదు, ఏం చెయ్యను అన్నాడు సార్. వెళ్ళిపోయే రోజు సొరుగు ఖాళీ చేస్తూ ఇనాదా తాతగారు, ఆ అబ్బాయి సంగతి పోయిన అక్టోబరులోనే ఖాయమైందనీ, యజమాని ఆ మాట చెప్పేటప్పుడు సెగావా కూడా ఆ గదిలోనే ఉన్నాడనీ, అసలు ఎవరూ ఏమీ రాయలేదనీ మామూలుగా చెప్పారు. మాకు తెలుసనుకున్నారాయన.

అక్క విని తలూపింది. ఆయన సొరుగులో మిగిలిన రబ్బర్‌బ్యాండ్లు ఏరి డబ్బాలో వేసింది. మా ఇద్దరి కాగితాల మీదా ముద్ర పడింది. ఇంకో ఏడాది.

ఏప్రిల్‌లో కొత్తమ్మాయి చేరింది. పందొమ్మిదేళ్ళుంటాయి. బట్టలు మార్చుకునే గదిలో అక్క కొత్త లేబుల్ తిప్పి, నా దగ్గరున్న కాగితం అడిగి తీసుకుని నంబర్లు ఎక్కించడం మొదలుపెట్టింది. ఆఖరి దాని దగ్గర ఆగి, నలభై ఒకటి కొట్టేసి, డెబ్భై అని రాసింది.

"తప్పు రాశానే మొదట్లో," అంది. "నిలబడి లెక్కపెట్టాగా."

నా కాగితం మీద కూడా దిద్ది ఇచ్చింది.

ఆ ఆదివారం నేనొక్కదాన్నే బస్సెక్కి హైవే పక్క ఆ చోటికి వెళ్ళాను. అదే గది అడిగాను. ఆ పాట పెట్టి, ఎవరి వంతూ పాడకుండా, గడియారం పట్టుకుని కూచున్నాను. మూడుసార్లు చూశాను.

నలభై ఒక్క సెకన్లే.

అక్కకి చెప్పలేదు. కాగితం కూడా దిద్దలేదు.