తడిగుడ్డ పెట్టి తుడిస్తే

కాపురం పెట్టిన ఇరవై రోజుల్లో మా వాషింగ్ మెషీన్ తొమ్మిదిసార్లు కరెంటు తీసేసింది. మా వాటాలోనే కాదు, పైనుండే ఇంటిగలావిడ వాటాలో కూడా. రెండింటికీ బ్రేకర్ ఒకటే.

ఈరోజు పదోసారి. ఆవిడ కుట్టుమిషన్ ముందునుంచి లేచి, చేతిలో కత్తెరతోనే మెట్లు దిగింది.

"అమ్మాయ్, ఇంకొక్కసారి పోయిందో, సాయంత్రానికల్లా ఈ మెషీన్ మీ అక్కయ్యగారింటికి తిరిగి వెళ్ళిపోవాలి."

నా ప్రాణం ఉసూరుమంది. అది అక్క పెళ్ళికానుక. మా ఇద్దరి బట్టలూ దాంట్లో కలిసి గిరగిరా తిరుగుతుంటే పీట వేసుకుని చూస్తాను.

మా ఆయన సెలవు పెట్టి టార్చి పట్టుకున్నారు. "శాస్త్రీయంగా చూద్దాం. ఫ్రిజ్ ఆపు. గీజర్ ఆపు. ఫ్యాన్లన్నీ ఆపు."

ఆపాను. చెమటలు కక్కుతూ మెషీన్‌ని హాల్లోకి తోశాం. అక్కడి సాకెట్‌కి పెడితే బుద్ధిగా తిరిగింది. వెనక్కి తోసి పాత చోట పెట్టామో లేదో, టప్.

పైనుంచి కేక రాకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. కేక ఆగలేదు, ఆవిడా వెనకే వచ్చేసింది. అతను సాకెట్ మూత విప్పి వంచితే నీళ్ళు కారాయి.

"గోడ చెమ్మా?" అన్నారు మా ఆయన.

అతను వాసన చూశాడు. "సబ్బునీళ్ళు సార్. అమ్మా, ఇది తుడుస్తారా మీరు?"

"మెషీన్ వేసే ముందు ప్రతిసారీ," అన్నాను గొప్పగా. "తడిగుడ్డతో. మెషీనూ, వైరూ, స్విచ్చూ, అన్నీ."

"ఇరవై రోజులుగా నేను ఫ్రిజ్‌ని అనుమానిస్తున్నాను," అన్నారు మా ఆయన నీరసంగా.

"సాకెట్‌కి స్నానం చేయించినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానండి. ఆ తడిచేత్తోనే స్విచ్ వేస్తారు కదూ? బ్రేకర్ పడబట్టి బతికారమ్మా. లేకపోతే..."

ఎలక్ట్రీషియన్ పాత సాకెట్‌ని ఊడబీకాడు. ఇంటిగలావిడ కత్తెర కిటికీలో పెట్టేసి, నా చెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పిచ్చిపిల్లా, చదువుకున్నావు కదే."

అతను కొత్త సాకెట్ బిగించాడు. ఫ్యానూ మెషీనూ వేసి నలుగురం తలెత్తి ఫ్యాన్ వంక చూస్తూ నిలబడ్డాం. ఫ్యాన్ ఆగలేదు.

"సరే, ఉండనీ," అని ఆవిడ పైకెళ్ళి, చంకలో దుప్పట్ల మూటతో దిగింది. "ఊరికే ఉంటుందా మరి? ఇవి వెయ్యి. స్విచ్ మాత్రం మీ ఆయన్ని వెయ్యమను."