దొంగకు పన్నెండు

సత్యవేణి ఇంట్లో తెలుగు క్యాలెండరుకు రెండు ఉద్యోగాలు. గోడ మీద ఉన్నంతకాలం తిథులు చెప్పాలి. నెల గడిచి కాగితం చింపాక, దాని వెనకవైపు తోట కబుర్లు మొయ్యాలి. తోటంటే మరీ గొప్పగా ఊహించుకోనక్కర్లేదు. సాల్ట్ లేక్‌లో వాళ్లు అద్దెకున్న ఇంటి ముందు, గేటుకీ మెట్లకీ మధ్య నాలుగు మంచాలు పట్టే నేల. ఒక మందార, ఒక నందివర్ధనం, ప్రహరీ మూల పారిజాతం. బ్యాంకువాళ్లు పట్టాభిని విజయనగరం నుంచి కలకత్తాకు బదిలీ చేసినప్పుడు, అతనికి పెద్ద కుర్చీ, ఆవిడకు ఈ మట్టి దక్కాయి.

"తేనెపిట్ట మందారలోకి తలకిందులుగా దూరింది. దానికి తేనె, నాకు మెడనొప్పి" అని ఫాల్గుణంలో రాసుకుంది. "పిగిలిపిట్టలు ఎండకు నోళ్లు తెరుచుకుని కూర్చుంటున్నాయి. మట్టి తొట్టి కొని నీళ్లు పెట్టాను" అని వైశాఖంలో. ఏం రాసినా రాయకపోయినా, ఒక ముక్క మాత్రం రోజూ రాసేది: "మందారలు ఇరవై. దొంగకు పన్నెండు, నాకు ఎనిమిది."

దొంగ పేరు అభిజిత్ బాబు. పక్క సందులో ఉండే రిటైరైన భూగోళం మాస్టారు. ఆ ఊళ్లో తెల్లారగట్ల షికారుకెళ్లే పెద్దమనుషులు పరాయి ఇళ్ల పూలు పూజకు కోసుకెళ్లడాన్ని ఎవరూ దొంగతనం కింద జమకట్టరు. ఆయన నిక్కరు వేసుకుని, ఒక చేత్తో ప్లాస్టిక్ సంచీ, మరో చేత్తో కొంకికర్ర పట్టుకుని అయిదింటికి వచ్చేవాడు. చప్పుడు కాకుండా గేటు తీసి, వంటింటి కిటికీకి కనబడననుకుని నందివర్ధనం వెనక నిలబడి, అక్కడినుంచి మందార కొమ్మలు వంచేవాడు.

"దాదా, చెట్టుకి కూడా ఒకటి ఉంచండి!" అని కిటికీలోంచి తన వచ్చీరాని బెంగాలీలో కేకేసేది సత్యవేణి.

"కాళీమాత అడిగింది బౌదీ, నేనేం చెయ్యను?" అనేవాడు, వదినగా వరస కలిపేసి.

"ఈ చెట్టువే కావాలందా?"

"తెలుగువాళ్ల పూలంటే ఆవిడకి మోజు," అనేవాడు, కొయ్యడం ఆపకుండానే. వెళ్తూ వెళ్తూ ఏదో ఒకటి చెప్పి పోయేవాడు. "చూడండి, ఆ బుల్లి పిట్ట పేరు టుంటుని. ఆకులు కుట్టి గూడు కడుతుంది. మీ గుమ్మంలో దర్జీ ఉన్నాడన్నమాట."

వానలు పడ్డాక తొట్టి నిండింది. కప్పలొచ్చి గుడ్లు పెట్టిపోయాయి. వార్డు నుంచి డెంగీ తనిఖీ ఆడవాళ్లు పదిరోజులకోసారి వచ్చి, నీళ్లున్న కుండల్నల్లా బోర్లిస్తున్నారు. సత్యవేణి తొట్టిని నందివర్ధనం వెనక్కి లాగి గోనెపట్టా కప్పింది. వాళ్లు వెళ్లగానే పట్టా తీసేసింది.

"ఏటే అది, దొంగసరుకులా దాస్తన్నావు?" అన్నాడు పట్టాభి.

"కప్పపిల్లలండీ. పారబోస్తే చచ్చిపోతాయి. అవే దోమపిల్లల్ని తినేస్తాయి. నేను జువాలజీ చదివాను."

"చదివి ముప్పయ్యేళ్లయింది. కప్పలకి ఆ సంగతి తెల్సా?"

ఆగస్టు చివర కప్పపిల్లలకు కాళ్లొచ్చి తమ దారిన పోయాయి. తొట్టి మాత్రం నీళ్లతో అక్కడే మిగిలింది. ఆ వారం కాగితం మీద వరసగా ఇలా ఉంది.

"తొట్టిలో నల్లటి కామాలు గిలగిల. నీడ పడితే మునుగుతున్నాయి. దోమలవే. పారబొయ్యాలి."

"పిగిలి పిల్లల్ని స్నానానికి తెచ్చింది. రేపు పారబోస్తాను."

"ఈవేళ దొంగ నందివర్ధనం వెనక పిక్కలు గోక్కుంటూ గంతులేశాడు. నాలుగు పూలతో పరార్. జీతంలేని కాపలావాళ్లు దొరికారు. ఇంకో వారం ఉంచుదాం. దొంగకు నాలుగు, నాకు పదహారు!"

అది పట్టాభికి చదివి వినిపించింది కూడా. ఇద్దరూ నవ్వుకున్నారు.

పదిరోజుల తర్వాత దొంగ రాలేదు. మర్నాడూ రాలేదు. పాలప్యాకెట్లు వేసేవాడు చెప్పాడు, మాస్టారికి జ్వరమని. డెంగీ అని తేలిందని ఆ మధ్యాహ్నమే తెలిసింది. సత్యవేణి తొట్టిని వొంచి, పీచుతో తోమి, బోర్లించింది. తోముతూనే ఉంది, పట్టాభి వచ్చి చెయ్యి పట్టుకునేదాకా. మహాలయ అమావాస్యనాడు అభిజిత్ బాబు ఆసుపత్రిలో పోయాడు.

"ఊరంతా డెంగీయే," అన్నాడు పట్టాభి. "ఏ దోమ ఏ ఇంటిదో ఎవడికి తెలుస్తాది? ఆ కాగితం చింపెయ్యి."

ఆవిడ చింపలేదు.

శ్రాద్ధం ముందురోజు గేటు దగ్గర గొళ్లెం చప్పుడైంది. అభిజిత్ బాబు భార్య జ్యోతిరాణి. చేతిలో ఆ ప్లాస్టిక్ సంచీయే.

"తెల్లపూలు కావాలి, ఇస్తారా? ఆయన రోజూ చెప్పేవారు, తెలుగు బౌదీ పిలిచి మరీ పూలిస్తుందని."

సత్యవేణి పారిజాతాలు ఏరింది, నందివర్ధనాలు కోసింది. సంచీ నిండింది. ఇచ్చి పంపేస్తే సరిపోయేది. గుమ్మడికాయ బేరానికీ, దొంగను తిట్టడానికీ తప్ప ఎన్నడూ పనికిరాని తన బెంగాలీని కూడదీసుకుంది.

"దీదీ, ఆ మొక్క వెనక నీళ్లతొట్టి ఉండేది. అందులో దోమలు పుట్టాయి. ఆయన అక్కడే నిలబడేవారు."

జ్యోతిరాణి బోర్లించిన తొట్టి వైపు చూసింది. "మీరు చూసుకోలేదా?"

చూసుకోలేదంటే ఒక్క మాట. అక్కడితో అయిపోయేది.

"చూశాను. దోమలు కుడితే ఆయన పూలు కొయ్యకుండా వెళ్లిపోతారని వదిలేశాను."

జ్యోతిరాణి పూల సంచీని మెట్టు మీద పెట్టింది, ఎవరిదో వస్తువు తిరిగిచ్చినంత జాగ్రత్తగా. గేటు తనే తీసుకుని, తనే వేసి వెళ్లిపోయింది.

ఆ శరత్తంతా పారిజాతాలు రాత్రి పూసి తెల్లారేసరికి రాలాయి. పదింటికల్లా గోధుమరంగుకు తిరిగాయి. చలికాలంలో గోరువంకలు చామంతి పాదుల్ని కెలికిపోయాయి. ఆవిడ అదిలించలేదు. డెంగీ ఆడవాళ్లు వస్తే, అడక్కుండానే తులసికోట కింది పళ్లెం కూడా ఎత్తి చూపించేది. వీధిలో జ్యోతిరాణి ఎదురైతే, అటువైపు కాలిబాట మీదకి మారిపోయేది జ్యోతిరాణే.

ఫాల్గుణం మళ్లీ వచ్చింది. తేనెపిట్ట మందారలోకి తలకిందులుగా దూరింది. పిగిలి బోర్లించిన తొట్టి మీద వాలి, అటూ ఇటూ చూసి ఎగిరిపోయింది. గేటుకు ఇప్పుడు గొళ్లెం కూడా పెట్టడం లేదు.

"ఏటి రాస్తన్నావు?" అంటూ పట్టాభి ఆవిడ భుజం మీదుగా వొంగి చూశాడు. చదివి, లోపలికి వెళ్లిపోయాడు.

"మందారలు ఇరవై. ఇరవయ్యీ చెట్టు మీదే ముడుచుకుపోయాయి."